పాత కారు పవర్ యాంటెనా: తుడుచుకుంటే చాలా, కడ్డీ మార్చాలా, మొత్తం తీసేయాలా?

రేడియో పెట్టగానే జుయ్యిమంటూ లేచి, ఆపగానే లోపలికి ఒదిగిపోయే పవర్ యాంటెనా ఉన్న బండ్లు నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు రోడ్ల మీద ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. ఎక్కువగా 1990ల నాటి బెంజ్‌లు, జపాన్ కంపెనీల పెద్ద కార్లు. అది మొరాయించిందంటే దుకాణంలో వినిపించే మాట ఒకటే: "మోటరు పోయిందన్నా, సెట్టు మొత్తం మార్చాలె." చాలాసార్లు పోయేది మోటరు కాదు, అది కడ్డీని నెట్టడానికి వాడే పళ్లున్న నైలాన్ తాడు. అందుకే జేబులో చెయ్యి పెట్టే ముందు చెవి పెట్టి వినండి.

మోటరు తిరుగుతున్న చప్పుడు వస్తోంది, కడ్డీ మాత్రం కదలట్లేదంటే మోటరు బాగానే ఉంది. తాడు తెగింది, లేదా దాని పళ్లు అరిగాయి. కడ్డీ సగం లేచి అక్కడే టకటకలాడుతుంటే, కడ్డీలో ఒకదానిలోకి ఒకటి జారే గొట్టాల్లో మురికి పట్టింది, లేదా ఒక గొట్టం వంగింది. అసలు చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు, ఆ తర్వాత రిలే (చిన్న సిగ్నల్‌తో మోటరు కరెంటును ఆన్ చేసే స్విచ్చు), ఎర్తు, స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్ వైరు చూడాలి. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే మోటరును అనుమానించాలి.

మురికి సంగతైతే ఖర్చే లేదు. మన దగ్గర దుమ్ముకు కొదవ లేదు, మిర్యాలగూడ వైపు రైసు మిల్లుల ఊక దుమ్ము కూడా తోడు. కడ్డీని పూర్తిగా పైకి లేపి, మెత్తటి బట్ట మీద రెండు చుక్కల కుట్టుమిషను నూనె వేసి, పై నుంచి కిందికి తుడిచి, వెంటనే పొడి బట్టతో ఆ నూనెను కూడా తీసేయాలి. గ్రీజు మాత్రం దగ్గరికి రానీయొద్దు. అది దుమ్మును పట్టుకుని గొట్టాల సందుల్లో ఇసుక కాగితంలా గీకుతుంది. ఇంకొకటి, చాలామంది చూడనిది: మోటరు డబ్బా అడుగున చిన్న రబ్బరు పైపు ఉంటుంది. కడ్డీ వెంట దిగిన వాననీళ్లు బయటికి పోయే దారి అదే. అది మూసుకుపోతే నీళ్లు డబ్బాలోనే నిలిచి మోటరు తుప్పు పడుతుంది. వానలు మొదలయ్యే ముందు ఒక సన్నని తీగతో ఆ పైపు పొడిచి చూస్తే, నిజంగానే మోటరు కాలిపోయే రోజు చాలా దూరం జరుగుతుంది.

తాడు పోతే కడ్డీ ఒక్కటి మార్చడమే మేలని నా గట్టి అభిప్రాయం. తాడుతో కలిపి కడ్డీ విడిగా దొరుకుతుంది, మొత్తం సెట్టుతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. బండి మోడల్‌కు సరిపడేదే అడగాలి. తాడు పొడవు, పళ్ల వరుస తేడా ఉంటే పనికిరాదు. పనికి ఇద్దరు కావాలి. ఒకరు పైనున్న నట్టు విప్పి కడ్డీ పట్టుకుంటారు, రెండో మనిషి రేడియో ఆన్ చేస్తాడు. మోటరు తిరిగి, పాత కడ్డీని తాడుతో సహా బయటికి నెట్టేస్తుంది. ఇప్పుడు కొత్త తాడును, పళ్లు గేరు వైపు ఉండేలా, గొట్టంలోకి తగిలేదాకా దించి, "ఆపు" అనాలి. రేడియో ఆగగానే మోటరు తాడును అందుకుని లోపలికి లాక్కుంటుంది. చేతి వేళ్ల మధ్య ఆ లాగుడు తెలుస్తుంది. కడ్డీని నిటారుగా పట్టుకుని దానితో పాటు దిగనివ్వాలి, తొయ్యకూడదు. పట్టుకోకపోతే తాడును అర తిప్పు తిప్పి మళ్లీ ప్రయత్నించండి. పాత తాడు ముక్క లోపలే ఉండిపోతే మాత్రం డబ్బా దించి, మూత తీసి దాన్ని బయటికి లాగాలి. కొత్త తాడు ఆ ముక్క మీదికి పోతే అదీ పాడవుతుంది.

మోటరు నిజంగానే కాలిపోతే రెండు దారులు. అన్ని బండ్లకూ పడుతుందని అమ్మే సెట్టు ఒకటి, అదే మోడల్ తుక్కు బండి నుంచి తీసిన మోటరు ఇంకొకటి. నేనైతే రెండో దాని వైపే. మొదటిది లోపలి లోతుకు సరిపోక, రంధ్రం పెద్దది చేసి, వాషర్లు వేసి బిగిస్తారు. ఆ సందులోంచే నీళ్లు దిగుతాయి. తుక్కు మోటరు తెచ్చి కొత్త కడ్డీ వేసుకుంటే కంపెనీ అమరిక చెడదు. ఏది వేసినా బిగించే చోట బాడీ లోహం కనిపించేలా రంగూ తుప్పూ గీకాలి. ఎర్తు అందకపోతే ఇంజను గొణుగుడంతా స్పీకర్లలో వినిపిస్తుంది.

మామూలు కడ్డీ యాంటెనా వేసుకుంటే రేడియో సరిగ్గా రాదని కొందరి భయం. ఆ భయం అక్కర్లేదు. ఎఫ్ఎం తరంగం సుమారు 3 మీటర్లు, దానిలో నాలుగో వంతు 75 సెంటీమీటర్లు. అంత పొడవున్న మామూలు కడ్డీ, పూర్తిగా లేచిన పవర్ యాంటెనాతో సమానంగా పనిచేస్తుంది. మోటరు లేదు, తాడు లేదు. ఊళ్లో తుమ్మ కొమ్మలకు తగలడం, ఆడుకునే పిల్లలు వంచడం, ఇవే దాని కష్టాలు. రోజూ మట్టి రోడ్ల మీద తిరిగే బండికి ఇదే సరైనది.

సొరచేప రెక్కలా ఉండే, అతికించే పొట్టి షార్క్ ఫిన్ యాంటెనా మాత్రం నేను ఎవరికీ చెప్పను. అంత పొట్టి దానికి లోపల సిగ్నల్ పెంచే యాంప్లిఫయర్ ఉండి కరెంటు అందాలి; కొన్ని చవక రకాలు అందానికి తప్ప దేనికీ రావు. ఆకాశవాణి హైదరాబాద్ ఎ కేంద్రం మీడియం వేవ్ 738 కిలోహెర్ట్జ్ మీద వార్తలు వినే వాళ్లకైతే ఇది అసలే వద్దు. ఎఫ్ఎం చూపు మేర నేరుగా పోతుంది కాబట్టి దేవరకొండ దాటి డిండి, మన్ననూరు గుట్టల వైపు పోతుంటే 101.9 రెయిన్‌బో, 102.8 వివిధభారతి పలచబడతాయి. మీడియం వేవ్ నేలను పట్టుకుని ఇంకా దూరం వస్తుంది, దాన్ని అందుకోవడానికి పొడుగు కడ్డీయే కావాలి.

పవర్ యాంటెనా ఉంచుకునే వాళ్లు కొత్త స్టీరియో వేయించేటప్పుడు దగ్గరుండి చూడాల్సింది నీలం వైరు. చాలా సెట్లలో ఉత్త నీలం యాంటెనాకు, తెల్ల గీత ఉన్న నీలం స్పీకర్ల యాంప్లిఫయర్‌కు. గీత ఉన్నదానికి కలిపితే బ్లూటూత్‌లో పాట పెట్టినా కడ్డీ లేస్తుంది, ఊరికే తాడు అరుగుతుంది. ఏ నీలం వైరునైనా నేరుగా మోటరుకు కలపనివ్వొద్దు. అది రిలేకు సైగ ఇవ్వడానికే, మోటరు లాగే కరెంటుకు స్టీరియో దెబ్బతింటుంది. ఆ సిగ్నల్ వైరుకు డ్యాష్‌బోర్డు కింద చిన్న స్విచ్చు పెట్టించుకుంటే కారు కడిగించేటప్పుడు, చెట్ల కింద ఆపినప్పుడు రేడియో నడుస్తున్నా కడ్డీ లోపలే ఉంటుంది.