కోనికల్ ఫెర్మెంటర్‌లో కొబ్బరి వెనిగర్: అడుగు మడ్డితో నా అనుభవం

కోనసీమలో ఎండు కొబ్బరి కోసం కాయలు కొట్టే చోట ముదురు కాయ నీళ్లు నేలపాలవుతుంటాయి. వాటితో ఇంట్లో వెనిగర్ చేద్దామని కొన్నేళ్ల క్రితం 30 లీటర్ల స్టీలు కోనికల్ ఫెర్మెంటర్ (పులియబెట్టే ట్యాంకు) కొన్నాను. అడుగు భాగం 60 డిగ్రీల వాలుతో గరాటు ఆకారంలో దిగి, కొసన ఒకటిన్నర అంగుళాల బాల్ వాల్వ్ (లోపల రంధ్రమున్న గుండు తిరిగే కుళాయి) దగ్గర ముగుస్తుంది. ఇన్నాళ్ల వాడకం మీద చెబుతున్నాను, పెట్టిన డబ్బు దండగ కాలేదు. కానీ మడ్డి దానంతటదే వాల్వ్ దగ్గరకు జారిపోతుందని, తిప్పితే చాలు బయటికి వచ్చేస్తుందని అమ్మేవాళ్లు చెప్పే మాట మన ఎండలకు సగమే నిజం.

ముదురు కాయ నీళ్లలో తీపి తక్కువ. పంచదార కలిపి 10 బ్రిక్స్ దాకా, అంటే వంద గ్రాముల్లో సుమారు పది గ్రాముల తీపి ఉండేదాకా తెస్తాను. దాన్ని చూసే పరికరం రిఫ్రాక్టోమీటర్. (భీమవరం వైపు ఆక్వా షాపుల్లో దొరికే రిఫ్రాక్టోమీటర్ చెరువు నీటి ఉప్పదనం చూసేది. మనకు బ్రిక్స్ స్కేలు ఉన్నదే కావాలి.) కాచి చల్లార్చి ఈస్ట్ వేస్తే ఆ తీపి ఆల్కహాల్‌గా మారుతుంది. దాన్ని పులుపు చేసే బ్యాక్టీరియాకి గాలి కావాలి కాబట్టి ఆ పని వెడల్పు మూతి పాత్రలో, పైన గుడ్డ కట్టి జరగాలి. పొడవాటి ట్యాంకు దానికి పనికిరాదు. అంటే ఫెర్మెంటర్ అవసరం మొదటి దశకే. అక్కడ మడ్డి ఎంత బాగా తీసేస్తే వెనిగర్ అంత తేటగా, చచ్చిన ఈస్ట్ వాసన లేకుండా వస్తుంది.

మడ్డి అంతా ఒకటే అనుకోకూడదు. మొదటి ఒకటి రెండు రోజుల్లో దిగేది కొబ్బరి పీచు, కాచినప్పుడు విరిగిన మాంసకృత్తులు, చెత్త. గోధుమ రంగులో ఉంటుంది. దీన్ని ఉంచుకుని లాభం లేదు, తీసి పారబోస్తాను. పొంగు ఆగి, బుడగలు తగ్గాక దిగేదే అసలు ఈస్ట్. అప్పుడు వాల్వ్ తెరిస్తే ముందు మిగిలిన గోధుమ మడ్డి వస్తుంది, దాని వెనకే గడ్డ పెరుగులా చిక్కగా, తెల్లగా వచ్చేది ఆరోగ్యంగా ఉన్న ఈస్ట్, ఆ తర్వాత పలచగా నీళ్లు కలిసినది. మధ్యలో వచ్చిన తెల్లదాన్ని మాత్రం మరిగించిన సీసాలో పట్టి ఫ్రిజ్‌లో పెడతాను. మూత బిగించకూడదు, లోపల గ్యాస్ ఇంకా పుడుతూనే ఉంటుంది. రెండు వారాల లోపు తర్వాతి విడతకు వాడేస్తాను. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా మామూలు డ్రమ్ము కంటే ఇది మేలు.

వాల్వ్ తిప్పడంలోనే అసలు నేర్పు ఉంది. ఒక్కసారిగా బార్లా తెరిస్తే మడ్డి మధ్యలో సన్నటి బొరియ పడుతుంది. పైనున్న తేట అందులోంచి జారిపోతుంది, మడ్డి మాత్రం గోడలను పట్టుకుని అలాగే ఉండిపోతుంది. కొద్దిగా తెరిచి, చిక్కటిది నెమ్మదిగా కదిలాక మూసేసి, కాసేపాగి మళ్లీ తెరవాలి. ఆ వ్యవధిలో గోడల మీదిది కిందికి జారుతుంది. అరచేత్తో గరాటు చుట్టూ నాలుగు దెబ్బలు తడితే ఇంకా బాగా దిగుతుంది. ఇంకో సంగతి, కింద తీస్తున్నప్పుడు లోపల ఖాళీ ఏర్పడి పైన ఎయిర్‌లాక్‌లోని (గ్యాస్‌ను బయటికి వదులుతూ గాలిని లోపలికి రానివ్వని నీళ్ల బిరడా) నీళ్లను లోపలికి లాగేస్తుంది. ముందే ఎయిర్‌లాక్ ఊడదీసి, ఆ రంధ్రంలో శుభ్రమైన దూది పెట్టాలి. చిన్న ఈగలు అక్కడే కాచుకుని ఉంటాయి. అవి మోసుకొచ్చే పులుపు బ్యాక్టీరియా రెండో దశకు కావాలి గానీ ఈ ట్యాంకులోకి రాకూడదు.

ఇక ఎండ సంగతి. చల్లబడితే ఈస్ట్ త్వరగా అడుగుకు దిగుతుంది. వేడెక్కితే ద్రవంలో కరిగి ఉన్న గ్యాస్ బయటపడుతూ, దిగిన మడ్డిని మళ్లీ పైకి లేపుతుంది. మధ్యాహ్నం తీసిన తేట మబ్బుగా ఉండటానికి కారణం అదే. అందుకే నేను వాల్వ్ ముట్టుకునేది తెల్లవారుజామునే. వేసవిలో ట్యాంకుకి తడి గోనెసంచి చుడతాను. పడమటి గాలి పొడిగా వీచే రోజుల్లో ఇది బాగా పనిచేస్తుంది. సముద్రపు గాలి తేమతో వస్తే, వానాకాలంలో అయితే మరీనూ, దానివల్ల ఒరిగేదేం లేదు. అప్పుడు గోనెసంచికీ ట్యాంకుకీ మధ్య గడ్డకట్టిన నీళ్ల సీసాలు దోపాలి. కరెంటు పోతే టెన్షనే. ధనుర్మాసంలో ఇవేమీ అక్కర్లేదు, దానంతటదే తేటబడుతుంది. ఏడాదిలో నాకు బాగా తృప్తినిచ్చే వెనిగర్ ఆ చలిలో మొదలుపెట్టినదే.

ఏ ఈస్ట్ వేశామన్నది కూడా లెక్కే. బేకరీ ఈస్ట్ మడ్డి వదులుగా ఉండి కాస్త కదిలినా లేస్తుంది. వైన్ ఈస్ట్ గట్టిగా పేరుకుంటుంది, నా ఓటు దానికే. తాటికల్లు అడుగు మడ్డితో మొదలుపెడితే వాసన బ్రహ్మాండంగా ఉంటుంది కానీ, అందులో ఈస్ట్‌తో పాటు బ్యాక్టీరియా కూడా ఉంటుంది కాబట్టి చివరిదాకా మబ్బుగానే ఉంటుంది, తెల్లటి పొర విడిగా దొరకదు.

లోపాలూ చెప్పాలి. బాల్ వాల్వ్‌లో ఆ గుండు వెనక ఈస్ట్ ఇరుక్కుంటుంది. నీళ్లు పోసి కడిగితే పోదు, ప్రతి విడతకూ మొత్తం విప్పి బ్రష్‌తో రుద్దాల్సిందే. రెండు వారాలు వదిలేస్తే కుళ్లిన వాసన వస్తుంది. గుండుకు బదులు పలుచటి బిళ్ల తిరిగే బటర్‌ఫ్లై వాల్వ్ అయితే కడగడం తేలిక. నా ట్యాంకుతో వచ్చిన మూత గ్యాస్కెట్ మొదటి నుంచీ సరిగ్గా కూర్చోలేదు, గ్యాస్ పక్కల నుంచి పోయేది. అమ్మినవాళ్లు పట్టించుకోలేదు, పాల డెయిరీ సామాన్ల షాపులో సిలికాన్‌ది దొరికింది.

నెలకో విడత చేసేవాళ్లు, ఈస్ట్ మళ్లీ మళ్లీ వాడాలనుకునేవాళ్లు నిశ్చింతగా కొనొచ్చు. ఏడాదికి ఒకటి రెండుసార్లు చేసేవాళ్లకి ఫుడ్ గ్రేడ్ డ్రమ్ము, ఒక సైఫన్ గొట్టం చాలు. కొనేముందు గరాటు వాలు 60 డిగ్రీలు ఉందా, లోపలి వెల్డింగ్ నున్నగా ఉందా అని చేత్తో తడిమి చూడండి. గరుకు ఉన్న చోటల్లా మడ్డి పట్టుకుంటుంది.