అమ్మోనియా స్క్రూ ప్లాంటు: ఏళ్ల తరబడి నడిపాక నా సమీక్ష

ఒక పెద్ద శీతల గిడ్డంగికి చలి అందించే అమ్మోనియా ప్లాంటు గురించి రాస్తున్నాను. అమ్మోనియా ఆవిరిని మరల్లాంటి రోటర్లతో నొక్కే స్క్రూ కంప్రెసర్లు, నీళ్లు చల్లి ఆ ఆవిరిని ద్రవంగా మార్చే ఎవాపరేటివ్ కండెన్సర్లు, చల్లటి ద్రవం నిలవుండే ట్యాంకు (లో ప్రెషర్ వెసెల్) నుంచి పంపుతో గదుల్లోని కూలర్లకు ద్రవ అమ్మోనియా తిప్పే ఏర్పాటు. ఏళ్లుగా దీన్ని నడిపిస్తూ, సర్వీసు చేయిస్తూ వచ్చాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను. యంత్రం గట్టిది, నమ్మవచ్చు. ఇది పెట్టే ఇబ్బందుల్లో చాలావరకు కంప్రెసర్‌లో పుట్టవు. పైపుల్లోకి చొరబడిన గాలి, చేరకూడని చోట చేరిన నూనె, కండెన్సర్ మీద పట్టిన సున్నపు పొర, వీటి వల్లే వస్తాయి. అయినా ఏ చిన్న తేడా వచ్చినా ముందు కంప్రెసర్ మీదే స్పానర్ పడుతుంది. నాకు బాధ కలిగించే విషయం అదే.

అన్నిటికన్నా ఎక్కువగా చూసిన సమస్య హెడ్ ప్రెషర్, అంటే కండెన్సర్ వైపు పీడనం, పెరగడం. కరెంటు బిల్లు పాకుతుంది, మోటార్ ఆంపియర్లు ఎక్కుతాయి, వేడి రోజుల్లో ప్లాంటు ట్రిప్ అవుతుంది. కండెన్సింగ్ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే కంప్రెసర్ తినే కరెంటు సుమారు రెండు మూడు శాతం పెరుగుతుంది. అందుకే దీన్ని వదిలేయలేం. ఒకసారి మా ప్లాంటులో ఇలాగే ప్రెషర్ ఎక్కితే, సర్వీసుకు వచ్చిన బృందం కంప్రెసర్ విప్పి రోటర్లు చూడాలంది. మేం ఒప్పుకోలేదు, ముందు కండెన్సర్‌ని పరీక్షిద్దాం అన్నాం. ఆ పరీక్ష చాలా సులువు. కంప్రెసర్ ఆపాలి, కండెన్సర్‌ని మిగతా వ్యవస్థ నుంచి వాల్వులతో వేరు చేయాలి, నీళ్లు మాత్రం తిరుగుతూనే ఉండాలి. లోపలి అమ్మోనియా, బయటి నీళ్లు ఒకే ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఓపిక పట్టాలి. నీళ్లు 30 డిగ్రీల దగ్గర నిలిస్తే, స్వచ్ఛమైన అమ్మోనియాకి గేజి దాదాపు 10.7 బార్ చూపాలి. 35 డిగ్రీలైతే 12.5. గేజి సరైనదై ఉండి, అంతకంటే ఎక్కువ చూపిందంటే ఆ పై ప్రెషర్ గాలిది. మాకు దాదాపు ఒక బార్ ఎక్కువ వచ్చింది. గాలి తీసేశాక ప్రెషర్ దిగింది, కంప్రెసర్ విప్పాల్సిన పనే రాలేదు.

గాలి ఎక్కణ్ణుంచి వస్తుందని అడుగుతారు. మామూలు వాతావరణ పీడనంలో అమ్మోనియా మైనస్ 33.3 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఫ్రీజర్ గదుల కోసం మైనస్ 40కి దిగితే సక్షన్ పీడనం, అంటే కంప్రెసర్ ఆవిరిని లాక్కునే వైపు పీడనం, వాతావరణం కన్నా తక్కువైపోతుంది. అప్పుడు ఏ గ్లాండు (వాల్వు కాడ చుట్టూ ఉండే సీలు) కొంచెం వదులైనా అమ్మోనియా బయటికి రాదు, గాలే లోపలికి వెళ్తుంది. వాసన రాదు కాబట్టి ఎవరికీ తెలియదు. గాలితో పాటు తేమ కూడా దూరుతుంది. ఫ్రియాన్ వ్యవస్థల్లోలా ఈ నీళ్లు గడ్డకట్టి వాల్వుని మూసేయవు, అమ్మోనియాలో కలిసిపోయి లో ప్రెషర్ వెసెల్‌లో ఉండిపోతాయి. గదిలో అంతే చలి కావాలంటే సక్షన్ ఇంకా కిందికి లాగాల్సి వస్తుంది. చూసేవాళ్లకి కంప్రెసర్ బలహీనపడినట్టు అనిపిస్తుంది.

గాలి తీయడానికి ఆటోమేటిక్ పర్జర్ ఉంటే మంచిది. చేత్తో తీసేటప్పుడు గొట్టాన్ని నీళ్లలోకి దించుతారు. గాలి బుడగలుగా పైకి వస్తుంది, అమ్మోనియా నీళ్లలో కరిగిపోతుంది. బుడగలు ఆగి చిటపట శబ్దం మాత్రమే మిగిలితే ఇక వస్తున్నది అమ్మోనియానే అన్నమాట. నీళ్లు వెనక్కి లాక్కుపోకుండా దారిలో నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరి. కండెన్సర్ కాయిల్స్ ద్రవం బయటికి వచ్చే చివర గాలి పోగవుతుంది కాబట్టి పర్జ్ అక్కడి నుంచే, ఒక్కో కాయిల్‌కి విడివిడిగా చేయాలి.

పరీక్షలో గాలి లేదని తేలితే నీళ్ల వైపు చూడాలి. నాజిల్స్ మూసుకుపోవడం, ఫ్యాన్ బెల్టు జారడం, కాయిల్ మీద సున్నపు పొర. తొట్టిలోంచి కొంత నీటిని నిరంతరం వదిలేయకపోతే లవణాలు చిక్కబడి పొర కడుతుంది. నీళ్లు వృథా అని ఆ బ్లీడ్ వాల్వు మూసేసే అలవాటు చాలాచోట్ల ఉంది, దాన్ని మాన్పించడానికి చాలా కష్టపడ్డాను. ఘాటు యాసిడ్‌తో కడిగితే తళతళలాడుతుంది గానీ గాల్వనైజ్డ్ కాయిల్ మీది జింకు పూత కూడా పోతుంది.

ఇక కంప్రెసర్ నుంచి ఆవిరితో పాటు కొట్టుకొచ్చే నూనె. అమ్మోనియాలో మినరల్ ఆయిల్ దాదాపు కలవదు, పైగా ద్రవ అమ్మోనియా కన్నా బరువు. అందుకే ప్రతి వెసెల్ అడుగున, ప్రతి కాయిల్ కింది వరుసలో చేరుతుంది. కూలర్‌లో కింది ట్యూబులకు మంచు పట్టకుండా పైవాటికి దట్టంగా పడుతుంటే నేను మొదట అనుమానించేది నూనెనే. స్క్రూ ప్లాంటులో నూనె ఖర్చు హఠాత్తుగా పెరిగితే ఆయిల్ సెపరేటర్‌లో నూనె తుంపరలను పట్టే ఫిల్టరు (కోలెసర్ ఎలిమెంటు), అక్కడి నుంచి నూనె వెనక్కి వచ్చే సన్నటి లైను, కంప్రెసర్ నుంచి బయటికొచ్చే ఆవిరి ఉష్ణోగ్రత (డిశ్చార్జి), ఈ మూడూ చూస్తాను. లైన్లోని సన్న రంధ్రంలో (ఆరిఫిస్) చెత్త ఇరుక్కోవడం చూడ్డానికి చిన్నదే, కానీ సెపరేటర్‌లోని నూనంతా కూలర్లకు తరలిపోతుంది.

నూనె తీసే పని దగ్గర మాత్రం నాకు ఎప్పుడూ టెన్షనే. వెసెల్ కింద నూనె చేరే చిన్న పాత్రని (ఆయిల్ పాట్) ద్రవం వైపు నుంచి వేరు చేసి, సక్షన్ వైపు తెరిచి ఉంచి, లోపలి అమ్మోనియా అంతా ఆవిరై పోయి పాట్ వెచ్చబడే దాకా ఆగాలి. తర్వాత సక్షన్ వైపు కూడా మూసి, చెయ్యి వదిలితే తనంతట తనే మూసుకునే స్ప్రింగు వాల్వు ద్వారానే నూనె తీయాలి. చల్లటి నూనె చిక్కగా మెల్లగా దిగుతుంది, విసుగొచ్చి వాల్వు పూర్తిగా తెరుస్తారు. నూనె అయిపోగానే వెనకే అమ్మోనియా తన్నుకొస్తుంది. మాస్కు, గ్లవ్సు, పక్కన రెండో మనిషి లేకుండా ఈ పని ఎవరికీ అప్పగించను. వాల్వుకి తాడు కట్టి పక్కకి వెళ్లేవాళ్లని చూశాను. అలాంటి చోట స్ప్రింగు వాల్వు ఉన్నా లేనట్టే.

హాట్ గ్యాస్ డీఫ్రాస్ట్, అంటే వేడి అమ్మోనియా ఆవిరితో కూలర్ల మీది మంచు కరిగించడం, ఈ ప్లాంటులో నాకు బాగా నచ్చిన భాగం. మంచు త్వరగా కరుగుతుంది, కరెంటు హీటర్ల ఖర్చుండదు. వరుస తప్పితే మాత్రం ప్రాణాంతకం. ముందు కాయిల్‌లోని ద్రవం ఖాళీ కావాలి, తర్వాత వేడి గ్యాసు మెల్లగా మొదలవ్వాలి, చివర్లో కాయిల్‌లో మిగిలిన ప్రెషర్ మెల్లగా దిగాకే సక్షన్ వాల్వు తెరవాలి, ఆ తర్వాతే ఫ్యాన్లు. 2010 ఆగస్టు 23న అమెరికాలోని అలబామా రాష్ట్రం, థియోడోర్ దగ్గర ఒక శీతల గిడ్డంగిలో కరెంటు పోయి వచ్చాక కంట్రోల్ రీసెట్ చేయడంతో డీఫ్రాస్ట్ మధ్యలో తెగిపోయింది. వేడి గ్యాసు, చల్లటి ద్రవం ఒక్కసారిగా కలిశాయి. ఆ దెబ్బకి కప్పు మీది పైపు పగిలి 14 టన్నులకు పైగా అమ్మోనియా బయటపడింది. కరెంటు వచ్చిన వెంటనే రీసెట్ నొక్కకుండా, ఏ కూలర్ డీఫ్రాస్ట్‌లో ఉందో చూసి, దాన్ని చేత్తో ప్రెషర్ దించాకే నడపాలని మేం నియమం పెట్టుకున్నాం.

నచ్చనిది కంట్రోల్ ప్యానెల్. ప్రెషర్ కొలిచి ప్యానెల్‌కి పంపే ట్రాన్స్‌మిటర్ రీడింగ్ కాలం గడిచేకొద్దీ పక్కకి జరుగుతుంది, స్క్రీన్ మాత్రం దశాంశాలతో సహా ధీమాగా చూపిస్తుంది. ప్రతి ట్రాన్స్‌మిటర్ పక్కన ఒక మామూలు గేజి బిగించి, రెండూ లాగ్ షీట్‌లో రాయిస్తాను. కంప్రెసర్ లోడింగ్ వేగం, అంటే అది పూర్తి సామర్థ్యానికి ఎక్కే వేగం, కూడా ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో మరీ ఎక్కువగా ఉంది. సక్షన్ ఒక్కసారిగా పడితే వెసెల్‌లో ద్రవం మరిగిపోయి పంపు గరగరమంటుంది. లోడింగ్ నెమ్మది చేయగానే పంపు సీళ్లు పోవడం తగ్గింది.

కంప్రెసర్ గురించి చెప్పడానికి తక్కువే ఉంది, అదే దాని గొప్ప. రోటర్ల మీద నూనె చల్లుతూ ఉంటుంది కాబట్టి డిశ్చార్జి 80, 90 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. పిస్టన్ కంప్రెసర్లలో ఇది సులభంగా 130 దాటుతుంది. ఆయిల్ ఫిల్టర్‌కి ముందూ వెనకా ప్రెషర్ తేడా, నూనె పరీక్ష, బేరింగుల వైబ్రేషన్, ఈ మూడూ క్రమం తప్పకుండా చూసుకుంటే అది ముందే చెబుతుంది. ప్లాంటు చాలాకాలం ఆపి ఉంచితే షాఫ్ట్ సీల్ ఎండిపోతుంది, అప్పుడప్పుడు ఆయిల్ పంపు నడిపి షాఫ్టుని చేత్తో తిప్పాలి.

కొత్తగా ఇలాంటి ప్లాంటు పెట్టేవాళ్లు డ్రాయింగ్ దశలోనే కొన్ని అడిగి సాధించుకోవాలి. ప్రతి కండెన్సర్ కాయిల్ చివర పర్జ్ పాయింటు, ప్రతి వెసెల్ కింద స్ప్రింగు వాల్వుతో ఆయిల్ పాట్, సేఫ్టీ వాల్వులు జంటగా, మధ్యలో మూడు దారుల వాల్వుతో. ఆఖరిది లేకపోతే అయిదేళ్లకోసారి సేఫ్టీ వాల్వు మార్చడానికి ప్లాంటంతా ఖాళీ చేయాల్సి వస్తుంది.