కోనసీమలో క్యాంపర్ వ్యాన్: ఎక్కడ ఆగాం, ఫ్రిజ్ ఎలా దారికొచ్చింది

మే నెలలో గోదావరి డెల్టాకి వ్యాన్ వేసుకుని వెళ్లేవాళ్లు రోడ్ల గురించి అడుగుతారు. మాకు రోడ్లతో ఏ ఇబ్బందీ రాలేదు. నేనైతే ముందు ఫ్రిజ్ సంగతి చూసుకోమంటాను. మా మామయ్యగారి ఇన్సులిన్ అందులోనే ఉంటుంది. తెరవని పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పాలు విరిగితే ఇంకో ప్యాకెట్ కొనుక్కోవచ్చు, ఇన్సులిన్ పాడైతే దారిలో దొరుకుతుందన్న ధీమా ఉండదు.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం తప్పక చూడాలి. 1847లో మొదలై 1852లో పూర్తయిన పాత ఆనకట్ట కథ తెలిశాక ఈ కాలువలన్నీ వేరేగా కనిపిస్తాయి. కాకపోతే మేం వ్యాన్ నిలిపిన చోట నీడ లేదు. ఫ్రిజ్ లోపల పెట్టిన చిన్న థర్మామీటర్ 12 డిగ్రీలు చూపించింది. మధ్యాహ్నం కడియం నర్సరీల దగ్గర చెట్ల కింద ఆగాం. ఎండ వేళ ఆగడానికి ఈ దారిలో నాకు బాగా నచ్చిన చోటు అదే. అయినా ఫ్రిజ్ పెద్దగా దిగలేదు.

ఆ రాత్రి రావులపాలెంలో లాడ్జి వాళ్లు ప్లగ్ ఇచ్చారు. తెల్లారేసరికి 5 డిగ్రీలు! ప్లగ్ తీసి, ఇంజిన్ ఆపి కాసేపు ఆగామో లేదో మళ్లీ పైకి. దారిలో ఒక ఫ్రిజ్ మెకానిక్ కంప్రెసర్ మీద చెయ్యి పెట్టి చూసి, గ్యాస్ అయిపోయింది, కొట్టాలన్నారు. మేం ఒప్పుకోలేదు. గ్యాస్ పోతే ప్లగ్ పెట్టినా చల్లబడకూడదు కదా. పైగా అది సీలు చేసిన గొట్టాల్లో తిరిగే గ్యాస్, లీకు ఉంటే తప్ప తగ్గదు. లీకు ఎక్కడో చూడకుండా నింపితే డబ్బు దండగ.

అమలాపురంలో ట్రాక్టర్లు, ఆటోల వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్ దగ్గర పని జరిగింది. ఫ్రిజ్‌ని నడిపే వ్యాన్ బ్యాటరీకి ఆయన మీటరు పెట్టారు: 12.6 వోల్టులు. కంప్రెసర్ తిరుగుతుండగా ఫ్రిజ్ వెనక టెర్మినల్ దగ్గర, అంటే వైరు వచ్చి కలిసే చోట పెట్టారు: 10.9. "ఆయ్, గ్యాస్ ఉందండి. కరెంటే అందట్లేదండి" అన్నారు. వోల్టేజి అంత పడిపోతే కంప్రెసర్ తనంతట తనే ఆగిపోతుంది, కాసేపాగి మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. చల్లబడే టైమే దొరకదు. రాత్రి లాడ్జి ప్లగ్‌కి పెట్టిన చార్జర్ వోల్టేజి పెంచింది కాబట్టే ఆ లోటు కనిపించలేదు.

ఫ్యూజ్ హోల్డర్ ఊడదీసి నా చేతిలో పెట్టారు. రాగి రేకు మీద పచ్చగా చిలుం పట్టి ఉంది, ఒక పక్క ప్లాస్టిక్ కాస్త కరిగింది. దాన్ని మార్చి, సన్న వైరు తీసేసి 6 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగాక మీటరు ఫ్రిజ్ దగ్గర 12.3 వోల్టులు చూపించింది. ఫ్రిజ్ ముందుకు లాగించి వెనక ఫ్యాన్‌కి, వేడిని బయటికి వదిలే కండెన్సర్ గొట్టాలకి పట్టిన దుమ్ముని పెయింట్ బ్రష్‌తో దులిపారు. వేడి గాలి బయటికి పోకపోతే ఎంత కరెంటు ఇచ్చినా లాభం లేదన్నారు. సామాను ఖరీదు, చేతి కూలి, అంతే తీసుకున్నారు. ఈ ప్రయాణంలో మాకు అందిన సేవల్లో దానికే మొదటి మార్కు.

తలుపు రబ్బరు మీరే చూసుకోవచ్చు. కాగితం పెట్టి తలుపు మూసి లాగితే బిగుతుగా రావాలి. జారిపోతే ఈ ఉక్కలో తేమంతా లోపలికి చేరి మంచు పేరుకుంటుంది. ఇన్సులిన్ మాత్రం మంచు పలకకి తగలనివ్వకండి, గడ్డకట్టినా పనికిరాదు. కొన్ని వ్యాన్లలో కంప్రెసర్ లేని, వంటగ్యాస్‌తో కూడా నడిచే ఫ్రిజ్‌లు ఉంటాయి. వాటికి బండి సమతలంగా నిలపాలి. ఘాటుగా అమ్మోనియా వాసన వస్తే ఆపేసి, కిటికీలు తీసి, బయటికి వచ్చేయండి.

దిండిలో కొబ్బరితోట మధ్య ఒక బసలో ఉన్నాం. 15 ఆంపియర్ల ప్లగ్ ఇచ్చి కరెంటుకి విడిగా తీసుకున్నారు, న్యాయంగానే అనిపించింది. కాపున్న కొబ్బరిచెట్టు కింద బండి పెట్టనివ్వలేదు, మామిడి కింద పెట్టించారు. ఒక్క కాయ రాలితే సోలార్ పలక పోతుంది మరి. ఫ్రిజ్ ఉన్న గోడ పడమటి ఎండకి తగలకుండా బండి తిప్పుకున్నాం. వశిష్ఠ ఒడ్డున సాయంత్రం గాలికి ఎంతసేపైనా కూర్చోవచ్చు. బస ఎక్కడంటే నా ఓటు దిండికే.

అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం, గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు పొద్దున్నే చూసుకుని ఎండెక్కకముందే వెనక్కి రావడం మేలు. ఇసుక దగ్గర నీడ లేదు, ఉప్పుగాలి వైర్ల జాయింట్లకు మంచిది కాదు.

యానాం దాటి కోరింగ మడ అడవికి వెళ్లాం. చెక్క బాట మీద నడక మామయ్యగారికి కూడా తేలికైంది. వ్యాన్ ఎండలోనే ఉంది, ప్లగ్ లేదు. తిరిగొచ్చి తలుపు తీస్తే 6 డిగ్రీలు.