ఏడు చలికాలాలు, ఒక పదిహేను లీటర్ల గీజర్

మాది హైదరాబాద్ శివార్లలో ఒక అపార్ట్‌మెంట్. మంజీరా లైన్ ఉంది గానీ ఆ నీళ్లు వంటింటి వరకే, బాత్రూమ్‌కి బోరు నీళ్లే. 2017 నవంబర్లో 15 లీటర్లు, 2000 వాట్ల స్టోరేజ్ గీజర్ పెట్టించాను.

అంతకుముందు అద్దె ఇంట్లో మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ ఉండేది. మొదటి రెండు చెంబులు పొగలు కక్కేవి, సగం బకెట్ నిండేసరికి గోరువెచ్చన. దాని తప్పేం లేదు. 3000 వాట్ల కాయిల్ నిమిషానికి మూడు లీటర్లు పారే నీటిని మహా అయితే 14 డిగ్రీలు వేడి చేయగలదు. గిన్నెలు కడగడానికి సరే, జనవరిలో బకెట్ స్నానానికి చాలదు. ఇప్పటిదానికి ఇరవై నిమిషాలు పడుతుంది గానీ, చన్నీళ్లు కలుపుకుంటే బకెటున్నర వస్తుంది. ఇద్దరు వెంటవెంటనే పోసుకోవచ్చు. మూడోవాళ్లు కాసేపు ఆగాలి. మా ఇంట్లో ఆ మూడోవాణ్ని నేనే.

కరెంటు ఆదాకి ఇచ్చే స్టార్లు చూసి ఎక్కువ డబ్బు పెట్టాను, అది అనవసరం. కాగిన నీళ్లు ఊరికే నిలవుంటే ఎంత వేడి పోతుందన్నదాన్ని బట్టి ఇస్తారు ఆ స్టార్లు. స్నానం కాగానే స్విచ్ ఆపేసే మాలాంటివాళ్లకు పెద్ద తేడా ఉండదు.

అసలు చూసుకోవాల్సింది నీళ్లు. రెండో చలికాలంలో గీజర్ లోంచి అటుకులు వేయించినట్టు చిటపట మొదలైంది. మెకానిక్ వచ్చి కింద ప్లేటు విప్పితే తడిసిన సుద్దముక్కల్లాంటివి దోసెడు రాలాయి. కాయిల్ మీద వేలు మందాన తెల్లటి పెంకు, అంతా బోరు నీళ్లలోని ఉప్పే. యానోడ్ రాడ్ అయితే దాదాపు కరిగిపోయి, మధ్యలోని తీగ మాత్రం మిగిలింది. “ఇంకో ఏడాది ఆగుంటే ట్యాంకు కూడా పోయేది సార్” అన్నాడు. ట్యాంకు తుప్పు పట్టకుండా ముందు తాను అరిగిపోయే మెగ్నీషియం కడ్డీ అది. ట్యాంకుకు అయిదేళ్ల వారంటీ అని గొప్పగా చెప్పిన షాపువాళ్లు ఈ కడ్డీ ఊసే ఎత్తలేదు. అప్పట్నుంచి ఏటా దసరా అయ్యాక విప్పి కడిగిస్తున్నాం, కడ్డీ ఇప్పటికి మూడుసార్లు మార్చాం. థర్మోస్టాట్ 50 డిగ్రీలు దాటనివ్వను. ఎక్కువ కాగితే ఉప్పు ఎక్కువ పేరుకుంటుంది.

గ్యాస్ గీజర్ చవక అని మా బావమరిది చాలా చెప్పాడు. మా బాత్రూమ్‌కి ఉన్నది జానెడు కిటికీ. గ్యాస్ సరిగ్గా మండకపోతే వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. వద్దన్నాను. బకెట్లో వేసే రాడ్ కూడా, పిల్లలున్న ఇంట్లో ఒక్కరోజు కూడా వద్దు.

పెట్టించేటప్పుడు 16 యాంప్స్ ప్లగ్, ఎర్తింగ్, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) అడిగి మరీ చూసుకోండి. నీళ్లు కాగేటప్పుడు, ట్యాంకులో ఒత్తిడి పెరిగితే వదిలేసే సేఫ్టీ వాల్వ్ దగ్గర రెండు చుక్కలు కారితే అది లీకేజీ కాదు. మా ప్లంబర్ దానికి మైనపు ముద్ద పెట్టి మూసేయబోయాడు, చేయి పట్టుకుని ఆపాల్సి వచ్చింది.