మరకలనుకుని కొల్లేటి చిత్తడిని తుడిచేశారు

కొల్లేరు, ఉప్పుటేరు పాత సర్వే పటాన్ని పెద్దదిగా ముద్రించి, చట్రం కట్టి ఇంటికి పంపుతామంటే 2,400 రూపాయలు కట్టాను. దుకాణం పేరు రాయడం లేదు. నీటిపారుదల శాఖలో చైను లాగి, లెవెల్ పట్టి పదవీ విరమణ చేసినవాణ్ని. నా కళ్లకు ముందు తప్పులే కనిపిస్తాయని ఇంట్లో ఎప్పటినుంచో ఫిర్యాదుంది.

అంగుళానికి మైలు లెక్కన గీసిన పటాల్లో కొల్లేరు ఒక్క కాగితంలో ఇమడదు. కైకలూరు 65 హెచ్/2 నంబరు కాగితంలో, ఆకివీడు 65 హెచ్/6లో పడతాయి. ఆ రెంటినీ అతికిన తీరు మాత్రం మెచ్చుకోవాలి. అతుకు కోసం భూతద్దం పెట్టి వెతికాను, దొరకలేదు.

నీళ్ల దగ్గరే చెడింది. కొల్లేటికి ఒక గట్టంటూ ఉండదు. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోస్తే ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. అందుకే చిత్తడి ఉన్నంత మేరా సర్వేయర్లు సన్నని అడ్డగీతలు, గడ్డి దుబ్బుల గుర్తులు వేస్తారు. నాకు వచ్చిన పటంలో అవేవీ లేవు. సరస్సంతా ఈతకొలనులా ఒకటే నీలం, చుట్టూ ఉతికి ఆరేసినట్టు తెలుపు. ఫోన్ చేస్తే అక్కడి కుర్రవాడు, "పాత కాగితం కదండీ, మరకలనుకుని తుడిచేశాం" అన్నాడు.

అంచు కూడా కోసేశారు. గుర్తుల వివరణ, సర్వే చేసిన సంవత్సరం, స్కేలు గీత ఉండేది అక్కడే. అంగుళానికి మైలని చెప్పే 1:63,360 అన్న అంకెను మాత్రం తెచ్చి కింది మూలలో అందంగా అచ్చువేశారు. పటాన్ని రెట్టింపు చేశాక ఆ అంకె అబద్ధం. పటంతోపాటు పెరిగే స్కేలు గీతే నిజం చెబుతుంది.

వాదించకుండా, తుడవని స్కాను నుంచి మెరుపు లేని కాగితం మీద మళ్లీ ముద్రించి పంపారు. కొరియర్ ఖర్చు అడగలేదు. ఇందులో మడతల గీతలున్నాయి, పసుపు మరకలున్నాయి, చిత్తడీ ఉంది. చేపల చెరువుల గళ్లు ఇంకా పడని కొల్లేరు! 1999లో అభయారణ్యానికి హద్దుగా పెట్టిన +5 కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తును చూపే గీత మీద అంత గొడవ ఎందుకో, ఈ దుబ్బులు ఎంత దూరం పాకాయో చూస్తే తెలుస్తుంది.

ఐదుకు మూడున్నర ఇస్తాను. కొనేవారు "తుడవొద్దు, అంచు కోయొద్దు" అని ముందే రాసి పెట్టండి.

మా ఆవిడ తన పుట్టింటి లంకను వెతికి పట్టుకుంది. దానికి దారి గీయలేదని సర్వేయర్లను తప్పుపట్టింది. పడవలో వెళ్లే ఊరికి దారెక్కడ గీస్తారు?