ట్రిమ్మరా, రేజరా, క్రీమా? మూడో రోజు చూసి చెప్పండి

ఈ ప్రశ్న నేరుగా అడిగిన మగాడు నాకింకా తగల్లేదు. "మా ఫ్రెండ్ ఒకడు అడగమన్నాడు" అనే మొదలవుతుంది. ఆ ఫ్రెండ్ ఎవరో ఇద్దరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనరు. ఈ మధ్య అలాంటి ఫ్రెండ్లు ఎక్కువయ్యారు కాబట్టి ఒకేసారి రాసేస్తున్నాను: కింది వెంట్రుకలు, అంటే జననాంగాల చుట్టూ ఉండేవి, తీయడానికి ఏది మేలు?

ముందుగా ఒక మాట. తీయకపోతే శుభ్రంగా ఉండదన్నది నిజం కాదు. రోజూ కడుక్కుని ఆరబెట్టుకుంటే చాలు. పైగా ఆ వెంట్రుకలు చర్మానికీ చర్మానికీ మధ్య రాపిడి తగ్గిస్తాయి. అలా వదిలేయడం కూడా ఒక ఆప్షనే, అందులో గాటు పడే భయం అసలుండదు. చెమట చికాకో, చూడ్డానికి బాగుంటుందనో, భాగస్వామి ఇష్టమో, ఏదో ఒక కారణంతో తీసుకోవాలనుకున్నవాళ్ళకే మిగతాదంతా.

చాలామంది ఏది ఎక్కువ నున్నగా చేస్తుందన్నదే చూస్తారు. ఆ లెక్కన ట్రిమ్మర్ ఆఖరున ఉంటుంది. నేను మాత్రం మూడో రోజును చూస్తాను. తీసిన రోజు అన్నీ బాగానే ఉంటాయి. రెండో రోజు కూడా ఎలాగో గడిచిపోతుంది. మూడో రోజు నలుగురి మధ్య కూర్చుని, గోక్కోలేక, కుర్చీలో అటూ ఇటూ కదులుతున్నామా లేదా? అసలు పరీక్ష అక్కడ.

రేజర్ ఈ పరీక్షలో తప్పడానికి కారణం ఉంది. అది వెంట్రుకను చర్మం దగ్గరికంటా కోస్తుంది, కొన కలం పాళీలా వాడిగా మిగులుతుంది. ఇక్కడి వెంట్రుక లావు, పైగా వంకర. అది మొలిచే కుదురు కూడా చర్మం లోపల వంపు తిరిగి ఉంటుంది. దాంతో పైకి రావలసిన వెంట్రుక పక్కకు తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. శరీరం దాన్ని గుచ్చుకున్న ముల్లు కిందే లెక్కేసి ఎర్రటి కురుపు లేపుతుంది. మూడు నాలుగు బ్లేళ్ళ రేజర్లతో ఈ గొడవ ఇంకా ఎక్కువ కావచ్చు. ముందు బ్లేడు వెంట్రుకను పైకి లాగుతుంది, వెనకది కోస్తుంది, తెగిన కొన చర్మం కిందికి జారుకుంటుంది. ప్రకటనల్లో చూపించే ఆ నునుపు వచ్చేది ఇలాగే. కురుపులు వచ్చేదీ ఇలాగే.

ట్రిమ్మర్ 1 నుంచి 3 మి.మీ. వదిలేస్తుంది. ఆ కాస్త పొడవు ఉన్నంతవరకు కొన చర్మం బయటే ఉంటుంది, లోపలికి దూరే వీలు తక్కువ. నున్నగా కనిపించదు, నిజమే. కానీ మూడో రోజు ఏమీ జరగదు. నాలుగో రోజూ ఏమీ జరగదు. నాకు కావలసింది అదే.

చర్మం సంగతి కూడా ఉంది. ముఖం మీద రేజర్ బాగా పనిచేస్తుందంటే కింద దవడ ఎముక ఉంది కాబట్టి. వృషణాల చర్మం పల్చన, వదులు, ముడతలమయం. బ్లేడుకు ఆనుకోవడానికి కింద గట్టిదంటూ ఏదీ లేదు. 2017లో జామా డెర్మటాలజీ పత్రికలో ఒక అమెరికన్ సర్వే వచ్చింది. ఈ వెంట్రుకలు తీసుకునేవాళ్ళలో ఆడా మగా కలిపి నూటికి సుమారు 26 మందికి ఎప్పుడో ఒకప్పుడు గాయమైందట. గాయపడ్డ మగవాళ్ళలో మూడింట రెండు వంతుల మందికి దెబ్బ తగిలింది వృషణాల మీదే. ఎక్కువ భాగం కోసుకుపోవడాలే. మొత్తం తీసేయడం అలవాటైన మగవాళ్ళకు ఎప్పుడూ అలా పూర్తిగా తీయనివాళ్ళకంటే ప్రమాదం ఎక్కువని కూడా అందులో తేలింది. డాక్టరు దాకా వెళ్ళాల్సి వచ్చినవాళ్ళు తక్కువే లెండి, టెన్షన్ పడనక్కర్లేదు.

ఇంకో సాక్ష్యం ఆపరేషన్ గది నుంచి. ఆపరేషన్‌కు ముందు వెంట్రుకలు అసలు తీయకుండా ఉంటే మంచిదని, తప్పదంటే క్లిప్పర్‌తోనే తీయాలని, రేజర్ మాత్రం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాలు చెబుతున్నాయి. రేజర్ చేసే కంటికి కనపడని గాట్లలో సూక్ష్మక్రిములు చేరతాయన్నదే అక్కడి భయం. క్లిప్పర్ అంటే మన ట్రిమ్మర్‌కు అన్నయ్య. సర్జన్ల గదిలోనే రేజర్‌కు చోటు లేకపోతే నా బాత్రూంలో ఎందుకనిపించింది.

అలాగని ట్రిమ్మర్‌తో కళ్ళు మూసుకుని లాగించొద్దు. గార్డ్ (బ్లేడు మీద తొడిగే దువ్వెన లాంటిది) లేకుండా వదులు చర్మం మీద పెడితే పళ్ళ మధ్య చర్మం ఇరుక్కుని తెగుతుంది. చాలామంది "ట్రిమ్మర్ కూడా కోసింది" అనేది ఇందుకే. వృషణాల మీద గార్డ్ తీయకండి. ఒక చేత్తో చర్మాన్ని బాగా సాగదీసి పట్టుకుని, నొక్కకుండా, నెమ్మదిగా పోనివ్వండి. స్నానానికి ముందు, పొడిగా ఉన్నప్పుడు చేసుకుంటే వెంట్రుకలు ఉండకట్టవు, తర్వాత నీళ్ళతో అంతా పోతుంది. చాలాసేపు నడిపితే బ్లేడు వేడెక్కుతుంది. మధ్యమధ్యలో చేతికి ఆనించి చూసుకోండి. పొడవు మరీ ఎక్కువుంటే ముందు మొన గుండ్రంగా ఉన్న చిన్న కత్తెరతో తగ్గించుకోవాలి, లేకపోతే ట్రిమ్మర్ పీకుతుంది, కోయదు.

ఇంత చెప్పినా రేజర్ వదలనివాళ్ళు ఉంటారు. నేనూ చాలా ఏళ్ళు వాడాను. వాళ్ళకు నా సలహా: రేజర్‌ను పొత్తికడుపు కింద, గజ్జల పైభాగం వరకే ఉంచుకోండి. ముందు ట్రిమ్మర్‌తో కురచ చేసి, స్నానం చివర్లో, వేడినీళ్ళకు వెంట్రుక మెత్తబడ్డాక, వాసన లేని షేవింగ్ జెల్ రాసి, ఒకటి రెండు బ్లేళ్ళున్న రేజర్‌తో, వెంట్రుక పెరిగే దిక్కునే గీయండి. ఎదురు గీత వద్దు. గీసినచోటే మళ్ళీ మళ్ళీ గీయొద్దు. ఐదు నుంచి ఏడు సార్లు వాడాక బ్లేడు మార్చేయాలి. ఆఫ్టర్‌షేవ్ జోలికి పోకండి. చల్లటి నీళ్ళు, అద్దినట్టు తుడవడం, సువాసన లేని మాయిశ్చరైజర్, వదులుగా ఉండే కాటన్ లోదుస్తులు, అంతే.

క్రీమ్ గురించి నాకు అనుభవం ఉంది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా. ఇరవై రెండేళ్ళప్పుడు, డబ్బా మీద రాసిన టైముకు ఇంకో ఐదు నిమిషాలు కలిపితే ఇంకా శుభ్రంగా పోతాయని లెక్కేశాను. వెంట్రుకలు పోయాయి. నేను రెండు రోజులు కాళ్ళు ఎడం చేసి నడిచాను. ఈ క్రీముల్లో ఉండే థయోగ్లైకోలేట్ అనే రసాయనం వెంట్రుకలోని కెరటిన్ అనే ప్రోటీన్ బంధాలను తెంచి మెత్తబరుస్తుంది. చర్మం పైపొరలో ఉన్నదీ కెరటినే. దానికి తోడు పీహెచ్ 12 దాకా ఉండే క్షారం. 1967లో ఫెల్డ్‌మాన్, మైబాక్ అనే పరిశోధకులు హైడ్రోకార్టిసోన్ మందు రాసి కొలిస్తే, ముంజేతి చర్మం కంటే వృషణాల చర్మం 42 రెట్లు ఎక్కువ పీల్చుకుంది. ఆ మందు వేరు, ఈ క్రీమ్ వేరు, కానీ అక్కడి గోడ ఎంత పల్చనో తెలుస్తుంది. చాలా క్రీముల లేబుళ్ళ మీద జననాంగాలకు వాడొద్దనే ఉంటుంది. వాడితే తొడల అంచు వరకే, అదీ ముందు రోజు కొంచెం రాసి చూసుకున్నాక.

వ్యాక్స్: వెంట్రుకను వేరుతో సహా లాగేస్తుంది కాబట్టి నునుపు మూడు నుంచి ఆరు వారాలు ఉంటుంది. ఇంట్లో సొంతంగా వృషణాల మీద వద్దు, చర్మం చిరుగుతుంది. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవాళ్ళు అసలే వద్దు. లేజర్: చర్మవ్యాధుల డాక్టరు దగ్గర, చామనఛాయకూ అంతకంటే ముదురు రంగుకూ 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యపు కాంతి వాడే ఎన్‌డీ-యాగ్ రకం లేజర్, అనేక సిటింగులు. బాగా తగ్గుతాయి, పూర్తిగా పోతాయని కాదు. ఇంట్లో వాడే లైట్ పరికరాలు జననాంగాల మీద పెట్టొద్దు.

షుగర్ ఉన్నవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు రేజర్ మాట మరిచిపోతేనే మంచిది. తామర, పులిపిర్లు, పుండు ఏదైనా ఉంటే ముందు అది తగ్గాలి. వాటి మీద బ్లేడు తిప్పితే పక్కకు పాకించినట్టే. చిన్న గాటు పడితే శుభ్రమైన గుడ్డతో ఒత్తి పట్టుకుంటే రక్తం ఆగిపోతుంది. ఆగకపోయినా, ఎరుపు పాకుతున్నా, వాపు, జ్వరం, భరించలేని నొప్పి వచ్చినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఫ్రెండ్ పేరు చెప్పి కాదు, సొంత పేరుతోనే.

ఆఖర్న తప్పక వచ్చే ప్రశ్న: గడ్డానికి వాడే ట్రిమ్మరే కిందకీ వాడొచ్చా? వాడకండి. కిందికి వేరేది కొనుక్కోండి, ఇంకొకరికి ఇవ్వకండి, వాడిన ప్రతిసారీ బ్లేడు కడిగి ఆరబెట్టండి. రెండూ ఒకే రంగువి కాకుండా చూసుకోండి. పొద్దున్నే నిద్రమత్తులో ఏది చేతికొచ్చిందో తెలియాలి కదా.