సీటీసీలో కట్టించిన 32 కోర్ల వర్క్‌స్టేషన్, మూడు నెలల తర్వాత

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ, అంటే కంప్యూటర్ షాపుల చెనాయ్ ట్రేడ్ సెంటర్, ఎక్కడో హైదరాబాద్ వాళ్లకి చెప్పక్కర్లేదు. షాపు పేరు మాత్రం రాయను, జరిగిన తప్పులో సగం నాదే కాబట్టి.

మా ల్యాబ్‌లో డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే వాతావరణ మోడల్ నడుపుతాం. పెద్ద రన్నులకి ఎలాగూ క్లస్టరే, అంటే అందరూ పంచుకునే కంప్యూటర్ల గుంపే దిక్కు. కానీ నేమ్‌లిస్ట్‌లో (మోడల్ సెట్టింగుల ఫైల్) ఒక్క అంకె మార్చి ఏమవుతుందో చూడాలన్నా జాబ్ పెట్టి క్యూలో ఎదురుచూడాలంటే విసుగొస్తుంది, అందుకే టేబుల్ కింద పట్టే మెషిన్ ఒకటి కావాలనుకున్నాం. మూడు కొటేషన్లు తెచ్చి, ఆఫీసు పద్ధతి ప్రకారం తక్కువ వేసినాయనకే ఆర్డర్ ఇచ్చాం. థ్రెడ్‌రిప్పర్ ప్రో 5975డబ్ల్యూఎక్స్ ప్రాసెసర్, 32 కోర్లు (ఒకేసారి లెక్కలు వేసే భాగాలు), 128 జీబీ ఈసీసీ ర్యామ్ (తప్పుల్ని తనే దిద్దుకునే రకం).

షాపాయన మొదట ఆర్‌టీఎక్స్ 4090 అనే గ్రాఫిక్స్ కార్డు (జీపీయూ) కూడా అంటగట్టబోయాడు. మామూలు డబ్ల్యూఆర్‌ఎఫ్ అసలు జీపీయూని ముట్టుకోదని చెప్పినా, "ఫ్యూచర్‌ల పనికొస్తది సార్" అంటాడు. పక్క ల్యాబ్‌లో గ్రోమాక్స్‌తో ప్రొటీన్లు నడిపేవాళ్లకైతే ఆ కార్డు బంగారమే, ఎందుకంటే గ్రోమాక్స్ లెక్కలు ఎక్కువగా సింగిల్ ప్రెసిషన్‌లోనే, అంటే తక్కువ అంకెల ఖచ్చితత్వంతోనే సాగుతాయి. ఎక్కువ అంకెలు పట్టే డబుల్ ప్రెసిషన్ అడిగితే మాత్రం 82 టెరాఫ్లాప్స్ (సెకనుకి 82 లక్షల కోట్ల లెక్కలు) అని చెప్పుకునే అదే కార్డు 1.3 దగ్గర చతికిలబడుతుంది, అంటే 64వ వంతు. అంత తేడా ఉందని డబ్బా మీద ఎవరూ వేయరు.

డెలివరీ రోజు లిన్‌ప్యాక్ అనే స్పీడు పరీక్ష నడిపి చూపించాడు. అంకె బ్రహ్మాండంగా వచ్చింది, సంతకం పెట్టేశాను.

మర్నాడు మా సొంత టెస్ట్ కేస్ పెట్టాను. 2020 అక్టోబర్ 13 రాత్రి, నగరంలో సగం కాలనీలు మునిగిన ఆ వాన. మ్యాప్‌ని గళ్లుగా కోస్తే బయట 9 కిలోమీటర్ల గ్రిడ్, లోపల 3 కిలోమీటర్ల గ్రిడ్. డబ్ల్యూఆర్‌ఎఫ్ నడుస్తున్నంతసేపూ ఒక్కో టైమ్ స్టెప్‌కి ఎన్ని సెకన్లు పట్టిందో లాగ్ ఫైల్‌లో వరసగా రాస్తూ పోతుంది, టీ తాగుతూ దాన్నే చూస్తూ కూర్చున్నా. 8 కోర్లతో 1.6 సెకన్లు. 16తో 1.4. 32 కోర్లూ పెడితే... మళ్లీ 1.4! మూడుసార్లు నడిపినా అంతే. కంపైల్ చేయడంలో నేనే ఏదో పొరపాటు చేశానేమోనని రెండ్రోజులు కంపైలర్ ఫ్లాగులు (సెట్టింగులు) మారుస్తూ జుట్టు పీక్కున్నా.

మూడో రోజు సైడ్ ప్యానెల్ విప్పితే తెలిసింది. ర్యామ్ స్లాట్లు ఎనిమిది, స్టిక్కులు రెండు. ఒక్కోటి 64 జీబీ.

ఈ ప్రాసెసర్‌కి మెమరీ ఛానెళ్లు, అంటే ర్యామ్ నుంచి డేటా వచ్చే దార్లు, ఎనిమిది. డీడీఆర్4-3200 ర్యామ్‌తో ఒక్కో ఛానెల్ సెకనుకి 25.6 జీబీ మోస్తుంది, అన్నీ నింపితే 204.8. రెండే నింపితే 51.2, దాంతోనే 32 కోర్లూ సర్దుకోవాలి. ఎనిమిది లేన్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద వచ్చిన బళ్లన్నిటికీ టోల్ దగ్గర రెండే కౌంటర్లు తెరిస్తే ఎలా ఉంటుందో అలా. మరి లిన్‌ప్యాక్‌కి ఎందుకు తెలియలేదంటే, అది ఒకసారి తెచ్చుకున్న డేటాని క్యాష్‌లోనే (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ) పెట్టుకుని మళ్లీ మళ్లీ వాడుకుంటుంది, ర్యామ్ వైపు పెద్దగా చూడదు. వాతావరణ మోడల్ అలా కాదు, తెచ్చుకుంటుంది, రెండు లెక్కలు వేస్తుంది, పడేసి ఇంకోటి తెమ్మంటుంది. మన సంగతి వదిలేయండి, 2022లో లిన్‌ప్యాక్ మీద ఎక్సాఫ్లాప్ (వెయ్యి పెటాఫ్లాప్స్) దాటిన అమెరికా సూపర్‌కంప్యూటర్ ఫ్రాంటియర్ కూడా ఇలాంటి పనిని పోలిన హెచ్‌పీసీజీ పరీక్షలో 14 పెటాఫ్లాప్స్ దగ్గరే ఆగింది, ఒకటిన్నర శాతం కూడా కాదు.

షాపాయనకి ఫోన్ చేస్తే, "రెండేస్తే ఏంది, ఎనిమిదేస్తే ఏంది సార్, మొత్తం నూట ఇరవై ఎనిమిదే గద" అన్నాడు. వాదించలేదు. ర్యామ్ స్పీడు కొలిచే స్ట్రీమ్ అనే చిన్న ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, మెషిన్‌ని ఆటోలో పెట్టుకుని వెళ్లి ఆయన ముందే నడిపాను. ఇక్కడ ఒక మాట. స్ట్రీమ్‌ని ఉన్నదున్నట్టు నడపకండి, అందులో మామూలుగా ఉండే ఒక్కో అర్రే (అంకెల వరస) సైజు కోటి ఎలిమెంట్లే, అంటే 80 ఎంబీ, ఈ చిప్‌లో ఎల్3 క్యాషే 128 ఎంబీ, కాబట్టి లేని స్పీడు ఉన్నట్టు చూపించే ప్రమాదం ఉంది. పది కోట్లకి పెంచి కంపైల్ చేయాలి. మా మెషిన్ మీద సెకనుకి 40 జీబీ దరిదాపుల్లో వచ్చింది. ఆయన దగ్గరున్న వేరే కస్టమర్ మెషిన్‌లో ఎనిమిదీ నిండి ఉన్నాయి, దాని మీద 150 దాటింది. ఆయన కాసేపు రెండు స్క్రీన్లనీ మార్చి మార్చి చూసి, "అన్నా, గా ప్రోగ్రాం నాకు కాపీ చేసియ్యి" అన్నాడు. సార్ కాస్తా అన్న అయ్యాను.

16 జీబీ స్టిక్కులు ఎనిమిది రావడానికి పదకొండు రోజులు పట్టింది, ఈ రకం ర్యామ్ కౌంటర్ మీద దొరకదట. అదనంగా పైసా అడగలేదు, ఆ మాట చెప్పాలి. ఇప్పుడు అదే వాన, అదే స్టెప్, 32 కోర్లతో 0.5 సెకను. సాయంత్రం పెట్టిన రన్ పొద్దున్నే ల్యాబ్‌కి వచ్చేసరికి అయిపోయి ఉంటోంది.

కూలర్ విషయంలో మాత్రం నాకు తృప్తి లేదు. ఏసీ ఆపేస్తే ఇరవై నిమిషాలకల్లా వేడికి ప్రాసెసర్ క్లాక్ స్పీడు కిందికి జారుతుంది, షాపులో ఐదు నిమిషాల టెస్ట్‌కి ఇది బయటపడే ప్రశ్నే లేదు. కొనేవాళ్లు ఎవరైనా మీ సొంత జాబే తీసుకెళ్లి గంటసేపైనా నడపండి, ఆయన చాయ్ తెప్పిస్తాడు, ఏమీ అనుకోడు.

సర్వీసుకి నాలుగు స్టార్లు, కొటేషన్‌కి రెండు. బిల్లులో ఇంకా 64 జీబీ స్టిక్కులు రెండు అనే ఉంది, స్టాక్ రిజిస్టర్‌లోనూ అదే ఎక్కింది. ఆడిట్ వాళ్లొచ్చి మూత విప్పితే ఎనిమిది కనిపిస్తాయి. మార్చిన బిల్లు అడిగితే "రేపు పంపిస్తా అన్నా" అంటున్నాడు, రెండు నెలల నుంచి.